పులిగోరు పతకము – మన వృత్తిచరిత్రలో నొక ప్రకరణము

మన విశ్వబ్రాహ్మణుల వృత్తిచరిత్రమును వ్రాయబూనినవారు తఱచుగా దేవాలయ శిల్పములను, రథములను, పంచలోహ విగ్రహములను, రాజుల కిరీటములను గూర్చియే ప్రస్తావించుచుందురు. అవి తప్పక ప్రస్తావింపదగినవే. కాని స్వర్ణకారుని కుంపటి యెదుట రాజులకంటె నెక్కువసారులు కూర్చుండినవారు చంటిబిడ్డల తల్లులును, అమ్మమ్మలును, నాయనమ్మలును. మువ్వలు, మురుగులు, చెవిపోగులతో పాటు వారు చేయించుకొని పోయిన నగలలో పులిగోరు పతకము ముఖ్యమైనది. ఇంద్రకీలాద్రికి పడమర, కృష్ణయొడ్డున నున్న యీ భవానీపురమున మన మహాసభ కూడుచున్న సందర్భమున, ఆ చిన్న నగయొక్క పెద్ద చరిత్రమును మన కులబాంధవులకును పోషకులకును విన్నవింపదలచితిమి. వెనుకటి ముచ్చటగా మాత్రమే దీనిని చెప్పుటలేదు. ఒకనాడు మనకు కూలి నిచ్చిన యీ నగ నేడు మనవానిని చెఱసాలకు పంపగలదు. అందుచేత దీని పూర్వోత్తరములు మన మెఱిగి యుండుట యవసరము.

జంతువుల యవయవములను రక్షగా ధరించుట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైన యాచారము. పులిగోరు, పులిపన్ను పసిబిడ్డల భయమును, దృష్టిదోషమును, బాలగ్రహములను తొలగించుననియు, ఏనుగుతోక వెంట్రుకతో చుట్టిన యుంగరము ధైర్యము నిచ్చుననియు, నక్కకొమ్ము ఇంటనున్నచో సిరి కలుగుననియు జనులు నమ్మిరి. ఎవనికైన అనుకొనని లాభము వచ్చినయెడల ‘నక్కతోక త్రొక్కి వచ్చినాడు’ అని మనవారు నేటికిని అందురు. నెమలియీక, పాముకుబుసము, గవ్వ యీ కోవలోనివే. వీనియన్నిటికిని మూలమైన తలపు ఒక్కటే: అంగమునందు అంగి గుణము నిలిచియుండును. పులిని చూచి అడవి వెఱచును గనుక, పులిగోటిని చూచి గ్రహము వెఱచును. పాము పాతచర్మమును విడిచి క్రొత్తదియగును గనుక, దాని కుబుసము రోగమును విడిపించును.

ఇది పామరుల నమ్మకమని త్రోసివేయుటకు వీలులేదు. అథర్వవేదము నాల్గవ కాండలో సముద్రమున బుట్టిన శంఖమును ఆయుర్వృద్ధికై రక్షగా కట్టు సూక్తము గలదు. మూడవ కాండలో వంశానుగతమగు రోగమును పోగొట్టుటకు లేడికొమ్మును వినియోగించు సూక్తము గలదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున బాలగ్రహ చికిత్సకు పాముకుబుసముతోను, ఒంటె, మేక, గొఱ్ఱె, ఆవుల రోమములతోను ధూపము వేయుమని విధింపబడినది. 1909లో మైసూరి పండితుడు శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున ‘ఔపనిషదికము’ అను నధికరణ మిట్టి యోగములతో నిండియున్నది. గుడ్లగూబ క్రొవ్వును గ్రద్ద క్రొవ్వును పూసిన ఒంటెతోలు చెప్పులను మఱ్ఱియాకులతో కప్పి తొడిగినవాడు ఏబది యోజనములు అలయక నడుచునని అందు గలదు. పన్నులను, తూనికలను, నాణెముల మేళవింపును అంత సూక్ష్మముగా విచారించిన గ్రంథముననే యిదియు నుండుట గమనింపదగినది.

ఇక పులి సంగతి. తమిళుల సంగకాలపు కావ్యములైన అకనానూఱు, కుఱుందొగైలలో పులిపన్ను గ్రుచ్చిన తాళిని పిల్లలు ధరించుట వర్ణింపబడినది. ఏడవ శతాబ్దిలో బాణభట్టు హర్షచరిత్రము నాల్గవ ఉచ్ఛ్వాసమున బాలహర్షుని మెడలో బంగారముతో కట్టిన పులిగోళ్ళ వరుసను చూపినాడు. ‘బంగారముతో కట్టిన’ అను నా మాట మనకు ముఖ్యము. గోరు అడవిది, దానిని నగగా మార్చినది స్వర్ణకారుని చేయి. ఆ పనివాని పేరును బాణుడు చెప్పలేదు. పనిని మాత్రము మఱువలేదు.

ఆ పనియెట్టిదో నేటి యువకులకు తెలియుటకై కొంత చెప్పుదుము. పులిగోరు కొమ్మువంటి పదార్థము, నిప్పుసెగకు తాళదు. కావున ముందుగా గోటి మొదటికొలతకు సరిపడ బంగారురేకుతో కుప్పెను చేసి, కమ్మచ్చునుండి లాగిన సన్నతీగెను దాని యంచున చుట్టి, వెలిగారము వేసి టంకము పెట్టి, పైన కొండెము నమర్చి, అంతయు చల్లారిన పిమ్మటనే గోటిని లోపల నుంచి కరగిన లక్కతో బిగింపవలెను. ఊదుగొట్టము గోటిమీదికి పోయినచో అది కమరును. రెండు గోళ్ళను మొదళ్ళు కలియునట్లు చేర్చి, నడుమ బంగారుకట్టు వేసినచో నెలవంక వంటి పతక మేర్పడును. ఆ నెలవంక మొనలు బైటికి చూచుచుండును. బిడ్డకు తగులకుండ వానికిని బంగారు తొడుగు వేయుట కలదు. బిగింపునకు వాడిన లక్కయు నొక చిన్న పురుగు ఇచ్చునదియే యని ఇచట స్మరింపదగును.

మంత్రము వేయువాడు వేఱు, తాయెతు కట్టువాడు వేఱు, నగ చేయువాడు వేఱు. అయినను తల్లి నమ్మకము మువ్వురి చేతులను దాటియే బిడ్డ మెడకు చేరుచుండెను. ఆ నమ్మకమును పరిహసించుటకు ముందు ఒక లెక్కను చూడవలయును. ఇరువదవ శతాబ్దారంభమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 200 మంది యేడాది నిండకయే మరణించుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గినది. టీకాయు, శుభ్రమైన నీరును, కాన్పుగదిలో శిక్షణ పొందిన దాదియు ఈ తగ్గుదలకు కారకులలో ముఖ్యులు. అవి లేని కాలమున ఐదుగురు బిడ్డలలో ఒకనిని మట్టిలో పెట్టిన తల్లి, అడవిలో నన్నిటికంటె బలమైనదాని గోటిని తెచ్చి తక్కిన బిడ్డల మెడలలో వేసినదన్న, అది యామె మౌఢ్యమని యనుట న్యాయము కాదు. ఆమె చేతిలోనున్న రక్ష అదియే.

అయితే ఆ గోరెచటనుండి వచ్చుచుండెను? కుబుసమును పాము తానే విడుచును. ఈకను నెమలి తానే రాల్చును. పులి తన గోటిని ఎవ్వరికిని ఇచ్చునది కాదు. ముందుకాలి కైదు, వెనుకకాలికి నాలుగు చొప్పున ఒక్క పులికి గోళ్ళు 18 మాత్రమే. రెండు గోళ్ళ పతకములు తొమ్మిది చేయుటకు ఒక పులి చావవలెను. పూర్వము అడవులు విస్తారము, వేట యరుదు. కావున ఈ లెక్క యెవరికిని తట్టలేదు. తుపాకియు, ప్రభుత్వపు బహుమానమును వచ్చిన తరువాత స్థితి మాఱినది. 1875 మొదలు 1925 వఱకు గల యేబది యేండ్లలో ఎనుబదివేలకు పైగా పులులు చంపబడెనని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ గారు లెక్కించిరి. ఆ కాలముననే ఆంగ్లస్త్రీలు సైతము పులిగోళ్ళ పతకములను ముచ్చటపడి ధరించిరి. అనగా బిడ్డకు రక్షయైనది వేటకు గుర్తయినది. నమ్మకము వెనుకబడి వేడుక ముందునకు వచ్చినది.

ఫలితము మన మెఱిగినదే. 1972లో గణించినప్పుడు దేశమంతటను 1,827 పులులు మాత్రమే తేలెను. 1973 ఏప్రిలులో పులుల సంరక్షణ పథకము ప్రారంభమైనను, 2006 నాటి యంచనా 1,411కి దిగెను. పిమ్మట శ్రద్ధ హెచ్చుటచే 2022 యంచనా 3,682కి చేరినది. ఇది మనకు దూరపు వార్త కాదు. మన యూరి ముందు బారేజివద్ద నిలిచిన కృష్ణమ్మ, ఇచటికి రాకపూర్వము శ్రీశైలము, నాగార్జునసాగరముల నడుమ నల్లమలను చీల్చుకొని వచ్చుచున్నది. ఆ నల్లమలయే నాగార్జునసాగర–శ్రీశైలము పులుల యభయారణ్యము. చెంచులు నివసించు ఆ యడవి నిలిచినంతకాలము ఆ కొండవాగులు నిలుచును. ఆ వాగులు కృష్ణలో కలియును. పులి యున్న యడవి నీరున్న యడవి యని డెల్టావాసులమైన మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమును మన స్వర్ణకారులందఱును తెలిసికొనవలసియున్నది. పులి, చిఱుత మొదలగువాని గోళ్ళను, పండ్లను, చర్మమును కొనుటయు, అమ్ముటయు, వానితో వస్తువులను చేయుటయు నిషిద్ధము. పూర్వమునుండి ఇంట నున్న వస్తువైనను ప్రభుత్వమునకు తెలిపి ధ్రువపత్రము పొందవలసి యుండెను. 2003లో అందులకు మఱల 180 దినముల గడువు ఈయబడెను. అది గడచి చాలకాల మయ్యెను. 2022 సవరణ ప్రకారము ఇట్టి నేరమునకు మూడేండ్లకు తగ్గక ఏడేండ్లకు మించని కారాగారవాసమును, 25,000 రూపాయలకు తగ్గని జరిమానాయు గలవు. 2023 అక్టోబరులో బెంగుళూరున ఒక టెలివిజను ప్రదర్శనలో పాల్గొనుచున్న వ్యక్తి మెడలో పులిగోరు పతకము కనబడినందున అరెస్టయిన వార్త మనలో పెక్కుమంది చదివియే యుందురు. ‘తాతగారిచ్చినది’ అనుమాట ధరించినవానిని కాపాడదు; ‘ఖాతాదారు తెచ్చినది’ అనుమాట చేసినవానిని కాపాడదు.

మనవారిలో కొందఱు ‘చట్టములు ఎప్పుడును కంసాలినే కొట్టును’ అని నిట్టూర్చుట సహజము. 1963 జనవరిలో వచ్చిన స్వర్ణనియంత్రణ నిబంధనలు నగల బంగారమును 14 క్యారెట్లకు పరిమితము చేసి ఎన్ని కుంపట్లను చల్లార్చెనో, ఎన్ని కుటుంబములను వీధిపాలు చేసెనో వృద్ధులు మఱువలేదు. 1968లో చట్టరూపము దాల్చిన ఆ నియంత్రణ 1990లో గాని తొలగలేదు. కాని రెండింటికిని భేదము గలదు. ఆ చట్టము మన చేతిలోని బంగారమును తీసికొనెను. ఈ చట్టము బంగారమును ముట్టదు, పనితనమును ముట్టదు. మనది కాని గోటిని మాత్రమే విడువుమనుచున్నది.

మఱియొక విషయము. నేడు రక్షల పేర అమ్ముచున్న వస్తువులలో మోసము మెండు. పశువుల కొమ్మును, గిట్టను చెక్కి పులిగోరని అంటగట్టువారు గలరు. ఏ నక్కకును కొమ్ము మొలవదు; అయినను ఎముకముక్కకు వెంట్రుకలంటించి నక్కకొమ్మని అమ్ముచునే యున్నారు. సింహళమున నక్కకొమ్మున్నవాడు వ్యాజ్యములలో ఓడడని జనులు నమ్ముదురని టెన్నెంట్ దొర 1861లోనే వ్రాసెను. మన ప్రాంతముల యిట్టి నమ్మకములను మద్రాసు మ్యూజియము అధికారిగా నుండిన థర్‌స్టన్ 1912లో ఒక గ్రంథముగా కూర్చెను. ‘హత్తాజోడి’ యని మూలికపేర అమ్ముచున్నది మూలిక కాదనియు, మగయుడుమును చంపి తీసిన యవయవమనియు 2017లో పరిశోధకులు బయటపెట్టిరి. గుడ్లగూబలను పూజలపేర చంపుటను గూర్చి 2010లో ట్రాఫిక్ అను సంస్థ నివేదిక ప్రకటించెను. నిజమైన వస్తువైనచో ప్రాణి చచ్చును. నకిలీయైనచో కొన్నవాడు మోసపోవును. ఏది నిజమో తేల్చుటకు హైదరాబాదులో సి.సి.ఎం.బి.కి చెందిన ప్రయోగశాల జన్యుపరీక్ష చేయుచున్నది. మన గీటురాయి బంగారమునకే గాని గోటికి పనికిరాదు.

అట్లయిన తల్లి కోరిక తీరుటయెట్లు? దీనికి సమాధానము మన వృత్తిచరిత్రముననే యున్నది. తమిళదేశమున పులిపన్ను తాళితో పాటు, మణిమేకలై మొదలగు కావ్యములలో ‘ఐంపడైత్తాలి’ కానవచ్చుచున్నది. శంఖము, చక్రము, గద, ఖడ్గము, ధనుస్సు అను విష్ణుని పంచాయుధములను లోహమున చిన్నవిగా చేసి పిల్లల మెడలో వేయుదురు. అది సంపూర్ణముగా కంసాలి చేతినుండి పుట్టిన రక్ష. దానికై యే ప్రాణియు చావలేదు. వేయేండ్లకు పైబడి తల్లులు దానిని నమ్మిరి. మన కమ్మరి సోదరులు చేసిన గుఱ్ఱపునాడా గుమ్మమున మేకుతో బిగింపబడి యిల్లు కాచుచున్నదని నమ్మువారు గలరు. అందు గుఱ్ఱపుటంగము లేదు, ఇనుము మాత్రమే యున్నది. కనుక రక్ష ఆకారమునందును, చేసినవాని శ్రద్ధయందును, వేసినతల్లి ప్రేమయందును గలదని మన పూర్వులు ముందే యంగీకరించిరి.

కావున సోదరులారా, మా విన్నప మిది. గోటిని తెచ్చి పతకము చేయుమని యెవరైన అడిగినచో, మర్యాదగా నిరాకరించి, అదే వంపుతో, అదే నెలవంకతో బంగారుగోటిని చేసి చూపుడు. బంగారము కొనలేనివారికి మచిలీపట్టణపు చిలకలపూడి నగల పనివారు మెఱుగుపూతతో అట్టిదానినే చేయగలరు. పాతపతకమును కరగించుటకు తెచ్చినచో లక్కను విప్పక, గోటిని వేఱుచేయక, అటవీశాఖవారికి తెలుపుమని యజమానికి చెప్పుడు. ధ్రువపత్రము లేని వస్తువును ఒక్కదినమైనను కొట్టులో నుంచుకొనవలదు. పనినేర్చుకొను కుఱ్ఱలకు ఈ మాటలను కుంపటియొద్దనే బోధింపుడు.

బాలహర్షుని మెడలో బంగారము కట్టిన చేయి మనది. ఆ చేయి యుండగా పులిని చంపి తెచ్చిన గోటితో మనకు పనిలేదు. నల్లమలలో పులియును, ఇంట బిడ్డయును, కుంపటిలో నిప్పును చల్లగా నుండుగాక యని శ్రీ విరాట్ విశ్వకర్మ భగవానుని ప్రార్థించుచు విరమించుచున్నాము.