పంచ్: ఐదు దినుసుల లెక్క

పంచ్ అనే పానీయానికి ఆ పేరు మన 'పంచ' శబ్దం నుంచే వచ్చిందని తరచుగా చదువుతుంటాం. సారాయి, నిమ్మరసం, చక్కెర, నీరు, ఏదో ఒక సుగంధద్రవ్యం – ఇవే ఆ ఐదు దినుసులట. ఈ వివరణ కొత్తదేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ 1698లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలోనే ఈ మాట చెప్పాడు.

అయితే అంతకు ముందరి సాక్ష్యాలు ఈ లెక్కకు కుదరవు. 1638లో సూరత్ చేరిన జర్మన్ యాత్రికుడు మాండెల్స్లో సారాయి, పన్నీరు, నిమ్మరసం, చక్కెర అని నాలుగే పేర్కొన్నాడు. తరువాత బెంగాలులో దీన్ని చూసిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ చెప్పినవీ నాలుగే: సారాయి, నిమ్మరసం, నీరు, కాస్త జాజికాయ. రుచికి బాగానే ఉన్నా ఒంటికి మహా చేటని కూడా ఆయన హెచ్చరించాడు. కనుక 'పంచ' వ్యుత్పత్తి అందమైనదే గాని, రుజువైనది కాదు. పంచన్ అనే పీపా పేరే పానీయానికి వచ్చిందనే వాదమూ ఉంది.

పేరు మాట ఎలా ఉన్నా, తెలుగునేలకు దీనితో ఇంతకంటే గట్టి సంబంధం ఉంది. పంచ్ గురించి ఇంతవరకు తెలిసిన తొలి ఆంగ్ల ప్రస్తావన 1632 సెప్టెంబరు 28 నాటి ఒక ఉత్తరంలోది. పంచ్ జోలికి పోవద్దని హితవు చెబుతూ ఆడమ్స్ అనే కంపెనీ ఉద్యోగి దాన్ని పెటపోలిలోని కోలీ అనే వర్తకుడికి రాశాడు. పెటపోలి అంటే నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నం. 1611లోనే అక్కడ ఆంగ్లేయుల వర్తకం మొదలైంది.

పంచ్ చరిత్ర చెప్పేవారు సూరత్‌తో పాటు నిజాంపట్నాన్నీ తలచుకోవడం న్యాయం.