ఒంటరిగా ఉండే పెద్దలకు మెట్ల లిఫ్టు: అమర్చుటకు ముందు తెలియవలసిన సంగతులు

మెట్ల లిఫ్టు అనగా మెట్ల వెంబడి బిగించిన లోహపు పట్టాపై, ఒక మనిషిని కూర్చోబెట్టుకొని పైకీ కిందికీ నడిచే విద్యుత్ కుర్చీ. ఇంటి కప్పును పగులగొట్టి, గుంత తవ్వి కట్టవలసిన పెట్టె లిఫ్టుకు ఇది భిన్నమైనది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో సి. సి. క్రిస్పెన్ 1923లో రూపొందించిన యంత్రం ఈ తరహా వాటిలో తొలినాటిది. పాశ్చాత్య దేశాలలో వృద్ధుల ఇళ్ళలో ఇది సాధారణ వస్తువు. మన నగరాలలో కూడ దీనిని తెప్పించి అమర్చే వ్యాపార సంస్థలు ఉన్నవి.

సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో దీని అవసరం ఒక ప్రత్యేక కారణం చేత కలుగుతున్నది. బళ్ళారి, హోసూరు, బరంపురం వంటి చోట్ల బజారు వీధి ఇళ్ళలో కింద అంగడి, పైన కాపురం. పిల్లలు బెంగళూరుకో, హైదరాబాదుకో, విదేశాలకో వెళ్ళిపోగా తల్లి గాని తండ్రి గాని మేడమీద ఒంటరిగా మిగులుతారు. కింది భాగపు అద్దెయే వారి జీవనాధారం. కిందికి దిగి కాపురం ఉండవలెనంటే ఆ అద్దెను వదులుకొనవలె. మేడమీదనే ఉండిపోవలెనంటే రోజూ మెట్లతో పోరాడవలె. పడిపోవుట వలన ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేలమంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై ఏళ్ళు దాటినవారే అధికులు.

అయినను, కింద ఒక గది ఖాళీగా ఉన్నచో మొదట ఆలోచించవలసినది లిఫ్టు కాదు. మంచమును కిందికి మార్చి, స్నానాలగదిలో గోడకు పట్టుకొనే కడ్డీలు బిగించి, జారని చాప వేయుట కొద్దిపాటి ఖర్చుతో అయ్యే పని. దూరాన ఉన్న బిడ్డల మనసుకు ఊరట కోసం కొన్న కుర్చీ, చివరకు ఉతికిన బట్టలు ఆరవేసుకొనే దండెముగా మారుట కూడ లేకపోలేదు. పూజగది పైన ఉన్నదనియో, చుట్టుపక్కల వారితో మాటలు డాబామీదనే సాగుతాయనియో పెద్దలు మేడనే కోరుకొనవచ్చును. అది వారి నిర్ణయం. అడిగి తెలుసుకొనవలసినదే గాని ఫోనులో తేల్చివేయదగినది కాదు.

తరువాత చూడవలసినది మనిషిని. ఒంటరిగా ఉండేవారు ఎవరి సాయమూ లేకుండ కుర్చీలో కూర్చొని, బెల్టు పెట్టుకొని, పైకి చేరిన తరువాత తమంతట తాము లేవగలగాలి. చేతిపట్టు వద్దనున్న మీటను ప్రయాణం ముగిసేవరకు నొక్కి పట్టుకొనే ఉండాలి. చేయి తీస్తే కుర్చీ ఆగిపోతుంది. చేతులు బాగా వణికేవారికి, మతిమరుపు ముదిరినవారికి, కూర్చున్నచోట ఒరిగిపోయేవారికి ఇది తగదు. వాకరుతో నడిచేవారికి పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం రెండు వాకర్లు కావలె. ఈ చిన్న విషయం మరచిపోయి, లిఫ్టు వచ్చిన మరునాడు వెతుకులాడేవారే ఎక్కువ.

ఇక మెట్లు. పట్టాను సాధారణంగా గోడకు గాక మెట్లకే బోల్టులతో బిగిస్తారు. అందుచేత గోడ బలహీనమైనను నష్టం లేదు గాని మెట్టు గట్టిదై ఉండవలె. మన ప్రాంతపు పాత ఇళ్ళలో మెట్లపై నాపరాళ్ళు, కడప బండలు పరచి ఉంటాయి. వాటి కింద సున్నపు గచ్చు గుల్లబారి ఉన్నచో రంధ్రం వేయగానే బండ పొరలుగా చీలుతుంది. వేలి కణుపుతో ప్రతి మెట్టును తట్టి చూసి, డొల్ల శబ్దం వచ్చిన బండలను ముందే తాపీమేస్త్రి చేత తీయించి, తిరిగి గట్టిగా అతికించుకొనుట మేలు. గోడలో ఒక కొన మాత్రమే దిగి, రెండవ కొన గాలిలో నిలిచే రాతి మెట్లు ఉన్నచో, ఇంజనీరు చూడకుండ ఆ ఊసే ఎత్తరాదు. ఇంటిలోపలి చెక్క మెట్లు చాలాచోట్ల నిచ్చెనవలె నిటారుగా ఉంటాయి. వాటి విషయంలో ఆశ పెట్టుకొనకుండుట మంచిది.

వెడల్పు సాధారణంగా కనీసం 70 నుండి 75 సెంటీమీటర్లు కావలె. టేపుతో కొలిచినది చాలదు. పెద్దవారిని కుర్చీపై పక్కవాటుగా కూర్చోబెట్టి, మోకాళ్ళకూ ఎదుటి గోడకూ మధ్య ఎంత జాగా మిగిలినదో చూడవలె. మోకాలు సరిగా మడవలేనివారికి ఇది మరీ ముఖ్యం. పట్టా చివరి మెట్టును దాటి కొంత ముందుకు వస్తుంది. మెట్ల అడుగుననే వీధి గుమ్మం ఉన్నచో అది కాళ్ళకు అడ్డుపడుతుంది. మడిచే పట్టా ఉన్నది గాని దానికి అదనపు ఖర్చు.

మలుపు లేని మెట్లకు పట్టాను కావలసిన పొడవుకు కోసి బిగిస్తారు. పని సాధారణంగా ఒక్కరోజులో పూర్తవుతుంది. మధ్యలో మలుపు ఉన్నచో ఆ ఇంటి కొలతలతోనే పట్టా చేయించవలె. ధర బాగా పెరుగుతుంది, వారాల తరబడి ఆగవలె, పైగా ఆ పట్టా మరొక ఇంటికి పనికిరాదు. తిన్నని పట్టాను తరువాత అమ్ముకొనవచ్చును. మెట్లు ఇంటి బయట ఉన్నచో వానకూ ఎండకూ తట్టుకొనే రకమునే అడిగి తీసుకొనవలె. యానాం, గంజాం తీరాలలో ఉప్పుగాలి మామూలు ఇనుమును త్వరగా తినివేస్తుంది.

కరెంటు పోయినచో ఏమగునన్నది అందరి ప్రశ్న. కుర్చీ నడిచేది బ్యాటరీపై. ఇంటి కరెంటు దానిని చార్జి చేయుటకు మాత్రమే. కోత వేళ కూడ కొన్నిసార్లు ఎక్కి దిగవచ్చును. చాలా రకాలలో పట్టా కొసల వద్ద కుర్చీ నిలిచినప్పుడే చార్జింగు అందుతుంది. అందుచేత దానిని మెట్ల నడుమ వదలరాదు. పెద్దవారు రెండు నెలలు బిడ్డల వద్దకు వెళ్ళుతూ అలవాటు కొద్దీ మెయిను ఆపివేసినచో, తిరిగి వచ్చుసరికి బ్యాటరీ చచ్చిపోవచ్చును. దీర్ఘకాలం ఊరికి వెళ్ళునప్పుడు ఏది ఆపవలెనో, ఏది ఉంచవలెనో బిగించినవారి చేత వ్రాయించి పెట్టుకొనవలె. ఎర్తింగు సరిగా ఉన్న ప్లగ్గు పట్టా వద్దనే ఉండుట అవసరం.

కాళ్ళు పెట్టుకొనే పలకకు ఏదైనా తగిలితే కుర్చీ తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. కాని చీర కుచ్చెళ్ళు, పంచె అంచు అంత మెత్తటివి గనుక ఆ ఏర్పాటును నమ్ముకొనరాదు. కూర్చోగానే ఒడిలోకి తీసుకొనవలె. పట్టాకు గ్రీజు ఉన్నచో తెల్లపంచెకు మరక తప్పదు. పైన దిగునప్పుడు ఆసనమును మెట్లవైపు నుండి గదివైపుకు తిప్పి, లాకు పడిన తరువాతనే లేవవలె. బియ్యపు మూటలకు ఇది బండి కాదు. సెలవులకు వచ్చిన మనుమలకు ఆటవస్తువూ కాదు. తాళంచెవి ఉన్న రకమైతే అది పెద్దల మొలనే ఉండవలె.

సరిహద్దు ఊళ్ళవారికి అసలు చిక్కు మరమ్మతు. హోసూరుకు బెంగళూరు మనిషి గంట రెండు గంటలలో రాగలడు. సిరొంచకో, రాయగడకో అలా రాలేడు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చిన నాటినుండి పన్ను ఏ రాష్ట్రాన కొన్నను ఒకటే. కావున కొనుగోలుకు చౌక ధరకంటే, ఏ ఊరి సాంకేతికుడు ఎన్ని గంటలలో వచ్చునన్నదే ముఖ్యం. ఆ మాటను, దారిఖర్చు ఎవరిదన్న మాటను ఒప్పంద పత్రంలోనే వ్రాయించుకొనవలె. వచ్చే మనిషికి కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో వచ్చి తెలుగు రాకపోవచ్చును. యంత్రపు పుస్తకం ఇంగ్లీషులో ఉండవచ్చును. నాలుగే నాలుగు సూచనలను పెద్ద తెలుగు అక్షరాలతో గోడపై అంటించుట బిడ్డలు చేయవలసిన పని.

ప్రభుత్వ సాయం విషయమై ఆశలు పెంచుకొనరాదు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి యంత్రాలు, కళ్ళజోళ్ళు, కట్టుడుపళ్ళు ఉచితంగా ఇస్తారు; మెట్ల లిఫ్టు ఆ జాబితాలో లేదు. అయితే రెండవ వాకరుకు అర్హులైనవారు అక్కడ దరఖాస్తు చేసుకొనుట గురించి విచారించవచ్చును. వృద్ధుల కొరకు ఏర్పాటైన ఎల్డర్‌లైన్ ఉచిత సంఖ్య 14567కు ఫోను చేసినచో వివరములు చెప్పుదురు.

బిగించిన రోజుననే బిడ్డలు రైలెక్కరాదు. కనీసం వారం రోజులు ఉండి, పగలూ రాత్రీ, కరెంటు ఉన్నప్పుడూ లేనప్పుడూ పెద్దవారు తామే ఎక్కి దిగుటను చూడవలె. కుర్చీ నడుమ ఆగినచో దానినుండి దిగే ప్రయత్నం చేయరాదని, మెడలో తాడుతో వేలాడే బటన్ల ఫోనుతో మొదట ఎవరిని పిలువవలెనో ఒకసారి నిజంగానే చేయించి చూడవలె. కింది అంగడివారి వద్ద ఇంటి మారుతాళం ఒకటి ఉంచి, చేతితో కుర్చీని కిందికి దించే పద్ధతి ఆ యంత్రానికి ఉన్నచో వారికి కూడ చూపించవలె.