విడిది, సత్రం, రైలుబండి: రాయ్‌పూర్–విశాఖ పెళ్ళి ప్రయాణాల చరిత్ర

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి రైలు మార్గం సుమారు 530 కిలోమీటర్లు. మహాసముంద్, ఖరియార్ రోడ్, కాంటాబంజీ, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా సాగే ఈ దారిని చరిత్రకారులు ఖనిజాలు, రేవు వ్యాపారాల దృష్టితోనే పరిశీలించారు. అది న్యాయమే. కాని ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, వారిలోనూ ముఖ్యంగా రైల్వే ఉద్యోగాల కోసం తరలివెళ్ళిన ఉత్తరాంధ్రులకు, ఇది పెళ్ళిళ్ళ దారి కూడా. సంబంధాలు కలుపుకోవడానికీ, శుభలేఖ చేతబట్టుకొని బంధువుల ఇండ్లకు వెళ్ళడానికీ, మగపెళ్ళివారు తరలిరావడానికీ వారు ఆశ్రయించింది ఈ దారినే.

తెలుగు వివాహంలో ఆడపెళ్ళివారి మర్యాదకు తొలి పరీక్ష పెళ్ళిపందిట్లో కాదు, విడిది ఇంట్లో జరిగేది. పెళ్ళివారు ఊరి పొలిమేర చేరగానే మేళతాళాలతో ఎదుర్కోలు జరిపి, పానకాలు ఇచ్చి, విడిదికి తీసుకొనివెళ్ళడం ఆచారం. తెల్లవారేసరికి పందుంపుల్లలు మొదలుకొని స్నానానికి వేన్నీళ్ళ దాకా అన్నీ అక్కడికి చేరాలి. పెళ్ళి అయిదు రోజులు సాగిన కాలంలో ఈ భారం తక్కువది కాదు. ఊళ్ళో అయితే ఇరుగుపొరుగువారు ఇల్లు ఖాళీ చేసి ఇచ్చేవారు. మంచాలు, చాపలు, గంగాళాలు తలా ఒకటి పంపేవారు. విడిది అనేది ఆడపిల్ల తండ్రి ఒక్కడి ఏర్పాటు కాదు, ఊరి పరువు. ఊరు విడిచి ఉద్యోగానికి వెళ్ళినవాడు పోగొట్టుకొన్నది ఈ బలగాన్నే.

రైలు రాకముందు రాయ్‌పూర్ చేరడం ఎంత కష్టమో తెలియడానికి ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. 1877లో బాలుడైన నరేంద్రనాథుడు, తరువాతి వివేకానందస్వామి, తండ్రి ఉన్న రాయ్‌పూర్‌కు కుటుంబంతో బయలుదేరి నాగపూర్ వరకు రైలులో వచ్చి, అక్కడి నుంచి అడవుల గుండా పక్షం రోజులకు పైగా ఎడ్లబండి మీద ప్రయాణించాడని ఆయన జీవిత చరిత్రలు చెబుతున్నాయి. 1888లో బెంగాల్ నాగపూర్ రైల్వే రాయ్‌పూర్‌ను తాకింది. శతాబ్దం మారే నాటికి ఖరగ్‌పూర్ మీదుగా కోస్తా మార్గంతో సంబంధం ఏర్పడినా, రాయ్‌పూర్ నుంచి విజయనగరం చేరాలంటే వంగదేశం అంచు చుట్టి రావలసిందే. విశాఖ రేవుకు మధ్య పరగణాల సరకు తరలించే ఉద్దేశంతో నిర్మించిన రాయ్‌పూర్–విజయనగరం మార్గం 1931లో పూర్తయింది. రేవు 1933లో లాంఛనంగా ప్రారంభమైంది. ఖనిజాల కోసం వేసిన పట్టాల మీద పెళ్ళివారు కూడా ప్రయాణించారు.

రైలు మన ఆచారాలను రద్దు చేయలేదు, వాటి స్థలాన్ని మార్చింది. పొలిమేరలో జరిగే ఎదుర్కోలు ప్లాట్‌ఫారం మీదకు వచ్చింది. ముహూర్తాన్ని పంచాంగం నిర్ణయించినా, పెళ్ళివారు ఎప్పుడు దిగేదీ రైల్వే కాలపట్టిక నిర్ణయించింది. అర్ధరాత్రి దిగిన యాభైమందికి వెంటనే నడుం వాల్చే చోటు కావాలి. అక్కడే సత్రం ప్రసక్తి వస్తుంది.

సత్రం నిజానికి పెళ్ళి కోసం పుట్టినది కాదు. యాత్రికునికీ బాటసారికీ ఉచితంగా నీడ, చాలాచోట్ల అన్నం కూడా ఇవ్వడం దాతల సంకల్పం. మూడు రోజులకు మించి ఉండరాదన్న నియమం పలుచోట్ల కనిపిస్తుంది. అలాంటి ధర్మసంస్థల ఆస్తులు అన్యాక్రాంతం కాకుండా చూడడానికి మద్రాసు ప్రభుత్వం చేసిన 1817 నాటి ఏడవ రెగ్యులేషన్ దేవాలయాలతోపాటు సత్రాలను, వంతెనలను కూడా పేర్కొన్నది. సత్రాన్ని వంతెన సరసన చేర్చడం సముచితం; రెండూ దారిలో భాగాలే. విశాఖ పాతపట్నంలో పూర్ణా మార్కెట్ సమీపాన, 19వ శతాబ్ది చివరి దశకాల్లో జిల్లా కలెక్టరుగా పనిచేసిన టర్నర్ పేరున వెలసిన టర్నర్ సత్రం ఈ కోవలోనిదే. ఒక దొర పేరు తెలుగు శుభలేఖల్లో వివాహ వేదికగా అచ్చుపడడం కాలం చేసిన చిన్న చమత్కారం.

ఉత్తర హిందూస్థానపు సరాయి సంప్రదాయం వేరు. 1867 నాటి సరాయిల చట్టం వసతి గృహాలను మేజిస్ట్రేటు వద్ద నమోదు చేయించాలన్నది. గదులు, బావులు శుభ్రంగా ఉంచాలనీ, కావలివారిని నియమించాలనీ, అంటువ్యాధి సోకితే పోలీసు ఠాణాకు తెలపాలనీ, మేజిస్ట్రేటు చెప్పిన భాషల్లో అద్దె పట్టిక వేలాడదీయాలనీ విధించింది. బాటసారికి కావలసిన సమాచారం ఇవ్వడాన్ని చట్టబద్ధమైన బాధ్యత చేసినందుకు ఆ శాసనాన్ని మెచ్చుకోవాలి. మన సత్రాల్లో అద్దె లేదు కనుక పట్టికా లేదు. పెళ్ళిళ్ళకు అద్దె తీసుకోవడం మొదలైన తరువాత పట్టిక లేని లోటు తెలిసివచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మాఘం నుంచి జ్యేష్ఠం వరకు ముహూర్తాలున్న రోజుల్లో సత్రం మొత్తం ఒక్క పెళ్ళివారికి ఇచ్చివేస్తే, దాత ఎవరిని ఉద్దేశించాడో ఆ బాటసారి అరుగు మీద పడుకోవలసి వస్తుంది. అద్దె తీసుకోకపోతే పైకప్పు బాగుచేయించే దారి లేదు. సత్రాలను ధర్మాదాయ సంస్థలుగా పరిగణించిన 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ ధర్మాదాయ చట్టం కూడా ఆస్తిని కాపాడగలదు గాని, ఒకే రాత్రి ఒకే గదికి వచ్చిన పెళ్ళివారికీ బాటసారికీ మధ్య తీర్పు చెప్పలేదు. కనీసం రెండు గదులైనా పెళ్ళివారికి ఇవ్వకుండా బాటసారుల కోసం అట్టిపెట్టడం దాత మాటను నిలబెట్టే మార్గం. అది ఉత్తర్వుతో కన్నా ధర్మకర్త మనసుతోనే ఎక్కువగా సాధ్యమవుతుంది.

2024 సెప్టెంబరులో దుర్గ్–విశాఖపట్నం వందే భారత్ రైలు రాయ్‌పూర్ మీదుగా నడక ప్రారంభించింది. ఉదయం బయలుదేరినవారు మధ్యాహ్నానికి సముద్రతీరంలో ఉంటారు. రాత్రి ముహూర్తానికి హాజరై, అక్షతలు వేసి, తెల్లవారి ఏదో ఒక బండి పట్టుకొని వెళ్ళిపోయే చుట్టానికి విడిదితో పెద్దగా పని లేదు. వరుని తల్లిదండ్రులు, ముసలివారు, పసిపిల్లల తల్లులు మాత్రం నేటికీ దిగగానే అడిగే మొదటి మాట, విడిది ఎక్కడ అనే.