బొగ్గుబాయి తేదీలు

సింగరేణి కథ గోదావరిఖని కంటే చాలా పాతది. 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న కంపెనీ నమోదైంది. ఏటా ఆ రోజునే సింగరేణి దినోత్సవం జరుపుతారు.

గోదావరి ఒడ్డున గోదావరిఖని బాయిలు వచ్చింది 1960లలో. వాటిలో దిగినవాళ్ళలో చాలామంది కరీంనగర్ పల్లెల్లో దొరల గడీల కింద నలిగిన కుటుంబాల వాళ్ళు. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 సెప్టెంబరు 17 వాళ్ళకు ఇంట్లో విన్న కథ: రజాకార్లు పోయారు, దొర మాత్రం ఊళ్ళోనే ఉన్నాడు. అందుకే కాబోలు, వాళ్ళకు జెండా పండుగ కంటే మస్టర్ రోల్‌లో తమ పేరు ఎక్కిన రోజే పెద్దది. వెట్టి లేని కూలి, నెల తిరిగితే జీతం!

వాళ్ళ కొడుకులకు ఆ గౌరవం పుట్టుకతోనే వచ్చింది, కాబట్టి వాళ్ళ లెక్క వేరు. వాళ్ళు ముందుగా చెప్పేది 1981 గురించి. ఒక్క రోజు సమ్మెకు ఎనిమిది మస్టర్లు కోస్తామంటే బాయిలు ఆగాయి. ఆ పోరులోంచే సింగరేణి కార్మిక సమాఖ్య పుట్టింది. ముప్పై ఏళ్ళ తరవాత, తెలంగాణ రాష్ట్రం కోసం జరిగిన 2011 సకల జనుల సమ్మెలో 35 రోజులు బొగ్గు ఆపి, రామగుండం కరెంటు ఉత్పత్తినే తగ్గించారు. తెలంగాణ చరిత్రను తామూ రాశామని వాళ్ళు గట్టిగా నమ్ముతారు. ఆ నమ్మకం సబబే.

మూడో తరం దగ్గరకు వచ్చేసరికి బాయే తగ్గిపోయింది. 1990ల మొదట్లో లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు నలభై వేల చిల్లర. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు వచ్చాయి. పిల్లలు హైదరాబాద్ ఆఫీసుల్లో ఉన్నారు. సెప్టెంబరు 17 వాళ్ళకు ఫోన్ తెర మీద వస్తుంది, అదీ రకరకాల పేర్లతో. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినంగా, రాష్ట్రం సమైక్యతా దినంగా జరిపాయి. 2024లో రాష్ట్రం ప్రజాపాలన దినోత్సవం అంది.

వీళ్ళకు చరిత్ర పట్టదనడం అన్యాయం. తాత ఇంట్లో విన్నదాన్ని మనవడు చదివి తెలుసుకోవాల్సి వస్తోంది. ఆ చదువు కూడా పార్టీల గొంతులోనే అందుతోంది. మధ్యలో చెప్పేవాళ్ళు కరువవుతున్నారు. గోదావరిఖని తొలి బాయిల్లో దిగినవాళ్ళలో బతికున్నవాళ్ళు ఎనభై దాటారు. రేపు సెప్టెంబరు 17కు మనవళ్ళు ఇంటికొస్తే, అడగాల్సిన మనిషి ఇంకా ఆ ఇంట్లోనే ఉండవచ్చు.