పేరు అడగని తలుపు

పాతబస్తీలోని పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి ముందు ఒక గంట నిలబడితే మాతృత్వమన్న మాటకు ఎన్ని అర్థాలున్నాయో తెలుస్తుంది. ఒకామె వెంట అత్తగారు, ఆడపడుచులు, టిఫిన్ డబ్బాలు, నవ్వులు. మరొకామె వెంట తల్లి ఒక్కతే. ఇద్దరి చూపులూ నేలమీదే. చీటీ రాసే కిటికీ దగ్గర భర్త పేరు అడిగినప్పుడు ఆ రెండో స్త్రీ ముఖంలో కదలాడే భయం ఈనాటిది కాదు. దానికొక చరిత్ర ఉంది. ఆ భయాన్ని చూసి తలుపు తెరిచినవారిలో క్రైస్తవులూ ఉన్నారు. వారి కథలో వెలుగుతోపాటు నీడ కూడా ఉంది. రెండింటినీ చెప్పుకోవడమే న్యాయమని నాకు తోచింది.

1860 నాటి భారత శిక్షాస్మృతి గర్భస్రావం చేసుకున్న స్త్రీని 312వ సెక్షను కింద, పసిబిడ్డను వదిలివేసిన తల్లిదండ్రులను 317వ సెక్షను కింద, పుట్టుకను దాచడానికి శిశువు శవాన్ని రహస్యంగా పాతిపెట్టినవారిని 318వ సెక్షను కింద శిక్షించింది. రాతలో ఏమున్నా, బోనులో నిలబడేది ఎక్కువగా తల్లే. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు, కన్నబిడ్డను చంపిందన్న నేరంపై మొదట ఉరిశిక్ష పడింది. తరువాత అది ప్రవాసశిక్షగా, చివరకు ఐదేళ్ళ శిక్షగా తగ్గింది. ఆ బిడ్డకు తండ్రి అయిన మగవాడికి ఏ శిక్షా లేదు. ఆ సంవత్సరమే డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. వివాహం రేపటి దుఃఖాన్ని ఆపగలదు. మరి ఇప్పటికే కడుపుతో ఉన్న ఆడదాని మాటేమిటి? ఆమె కోసం 1863లోనే పుణేలో ఫూలే దంపతులు ఒక ఆశ్రయం తెరిచారు. ఈ దేశంలో ఇటువంటి తలుపు క్రైస్తవులే మొదట తెరిచారనడం సరికాదు.

అయితే క్రైస్తవం ఈ విషయంలో ఏమి ఇవ్వగలదో లోతుగా గ్రహించిన వ్యక్తి పండిత రమాబాయి. కరువులో తల్లిదండ్రులను, ఆపై భర్తను పోగొట్టుకుని, చిన్నపిల్ల అయిన కూతురితో 1883లో ఆమె ఇంగ్లండు చేరారు. లండన్‌లోని ఫుల్హాంలో సన్యాసినులు నడిపే ఒక గృహాన్ని చూశారు. లోకం ‘చెడిపోయినవారు’ అని వెలివేసిన స్త్రీలను అక్కడ ప్రేమగా చూసుకుంటున్నారు. ఎందుకిలా అని అడిగితే, ఒక సన్యాసిని యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదివి వినిపించింది. అది బావి దగ్గర సమరయ స్త్రీ కథ. ఐదుగురు భర్తల చరిత్ర ఉన్న ఆ స్త్రీని యేసు ఛీకొట్టలేదు. దాహమడిగాడు, ఆమెతో మాట్లాడాడు. శాస్త్రాలన్నీ చదివిన రమాబాయిని ఆ ఒక్క దృశ్యం కదిలించింది. ఆ ఏడాదే బాప్తిస్మం పొందారు. తరువాతి కాలంలో కేడ్గావ్‌లోని ముక్తి ఆశ్రమంలో అటువంటి స్త్రీల కోసమే ‘కృపాసదన్’ పేరుతో ప్రత్యేక గృహాన్ని ఏర్పరచారు.

విచిత్రమేమంటే, అదే 1883లో లూథరన్ మిషన్‌కు చెందిన డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ స్త్రీల కోసం, పిల్లల కోసం ఆసుపత్రి ప్రారంభమైంది. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లోరీ అదే ఊరు వచ్చి సన్యాసినిగా చేరారు. కోరని గర్భాల కోసమే కట్టిన ఆసుపత్రులు కావవి. కానీ ఆడవాళ్ళే వైద్యులైన చోట, మగడాక్టరుకు చెప్పలేని మాటను ఒక స్త్రీ నోరు విప్పి చెప్పుకోగలదు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సన్యాసినులు ప్రసూతి వైద్యం చేయడం వారి దీక్షకు తగదని ఆనాడు కథోలిక సభ నిషేధించింది. గ్లోరీ పోపు నుంచి ప్రత్యేక అనుమతి పొందవలసి వచ్చింది. అందరికీ ఆ అనుమతి 1936లో గాని రాలేదు. గర్భమంటే సిగ్గుపడే గుణం వీధిలోనే కాదు, దేవాలయంలోనూ ఉండేదన్నమాట. దయ మొదట తన ఇంటి గడపనే దాటవలసి వచ్చింది. 1943లో గ్లోరీ నెలకొల్పిన కథోలిక ఆసుపత్రుల సంఘానికి నేడు సికింద్రాబాదే కేంద్రం.

1971లో గర్భస్రావ చట్టం వచ్చింది. దానిని తీవ్రంగా వ్యతిరేకించిన మదర్ థెరిసా 1979లో ఓస్లోలో మాట్లాడుతూ, బిడ్డను చంపవద్దు, మాకివ్వండి అని ఆసుపత్రులకు, పోలీసు ఠాణాలకు కబురు పంపామని చెప్పారు. ఆమె అభిప్రాయంతో ఏకీభవించనివారు కూడా ఒకటి ఒప్పుకోవాలి: వద్దన్న నోటితోనే ఆమె భారం కూడా తనమీద వేసుకున్నారు. అయినా నాలో ఒక సందేహం మిగిలిపోయింది. బిడ్డను మాకివ్వండి అన్న మాటలో తల్లి ఎక్కడుంది?

ఈ సందేహం ఉత్తది కాదని హైదరాబాదు చరిత్రే చెప్పింది. 1999లోనూ, 2001లోనూ ఇక్కడి దత్తత కేంద్రాల బాగోతం బయటపడింది. తండాలలోని పేద లంబాడీ కుటుంబాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు తెచ్చి విదేశీ దత్తతకు పంపుతున్నారన్న ఆరోపణలపై అరెస్టులు జరిగాయి. క్రైస్తవ సేవ పేరు చెప్పుకున్న గృహాలూ వాటిలో ఉన్నాయి. అక్కడి తల్లులది వేరే దుఃఖం. మళ్ళీ ఆడపిల్లేనన్న దిగులు, పేదరికం. కానీ పాఠం ఒక్కటే. బిడ్డ మాత్రమే కనబడి తల్లి కనబడని చోట దయ బేరంగా మారడానికి ఎంతో కాలం పట్టదు.

నేటి చట్టం ఈ పాఠాన్ని కొంత నేర్చుకుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం బిడ్డను పెంచలేని తల్లి శిశు సంక్షేమ సమితి ముందు అప్పగించవచ్చు; మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువుంటుంది. 2021 సవరణతో గర్భస్రావ చట్టంలో స్త్రీ పేరును గోప్యంగా ఉంచడం వైద్యుడి విధి అయింది. మనసు మార్చుకునే వ్యవధి, పేరు దాచే మర్యాద: చట్టం ఇవ్వగలిగింది ఇంతవరకే. పక్కన కూర్చుని చేయి పట్టుకునే పని మనుషులదే.

ఫుల్హాంలో రమాబాయిని కదిలించింది సిద్ధాంతం కాదు, ఆ స్త్రీలను చూసుకున్న తీరు. పేట్లబుర్జు కిటికీ ముందు తల దించుకున్న ఆ అమ్మాయికి, ఆమె బిడ్డను ఉంచుకున్నా, అప్పగించినా, మరే నిర్ణయం తీసుకున్నా, ముందుగా కావలసింది అదే. ఆ బావి దగ్గర సంభాషణ తీర్పుతో మొదలు కాలేదు, గుక్కెడు నీళ్ళడగడంతో మొదలైంది. క్రైస్తవులకైనా, మనకెవరికైనా అక్కడి నుంచి మొదలుపెట్టడమే మంచిదనిపిస్తుంది.