ముడుమాల్ నిలువురాళ్లు: వరుస చెదిరితే చరిత్ర చెరిగినట్లే

నారాయణపేట జిల్లా కృష్ణా మండలం ముడుమాల్ గ్రామ శివారులో, కృష్ణానది తీరాన, బృహత్ శిలాయుగం నాటి నిలువురాళ్లు ఉన్నాయి. మూడున్నర వేల నుంచి నాలుగు వేల సంవత్సరాల క్రితం వీటిని నెలకొల్పినట్లు పురాతత్వ పరిశోధకులు అంచనా వేస్తున్నారు. గతంలో మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2019లో ఏర్పడిన నారాయణపేట జిల్లాలో చేరింది.

పెద్దవి, చిన్నవి

ఇక్కడ 10 నుంచి 14 అడుగుల ఎత్తు గల మహాశిలలు సుమారు 80 ఉన్నాయి. వాటి చుట్టుపక్కల చిన్న రాళ్లు వేల సంఖ్యలో వరుసలు తీరి కనిపిస్తాయి. సందర్శకుల దృష్టి సహజంగా పెద్ద రాళ్లపైనే నిలుస్తుంది. అయితే ఈ స్థలం ప్రత్యేకత విడివిడి రాళ్లలో కాక, వాటి అమరికలో ఉన్నది. ఆయనాంతాలు, విషువత్తుల వేళ సూర్యోదయ, సూర్యాస్తమయాలకు అనుగుణంగా కొన్ని వరుసలు ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పుల్లారావు తన పరిశోధనల్లో వివరించారు. రుతువుల రాకను గుర్తించేందుకు నాటి ప్రజలు నీడలను గమనించి ఉంటారని ఆయన అభిప్రాయం.

రాతిపై సప్తర్షి మండలం

ఒక రాతిపై తొలిచిన చిన్న గుంతలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయి. దక్షిణాసియాలో నక్షత్ర మండలాన్ని చూపిన అతి ప్రాచీన చిత్రణల్లో ఇది ఒకటని పరిశోధకులు భావిస్తున్నారు. స్థానికులు ఈ శిలలను నిలువురాళ్ల తిమ్మప్పగా కొలుస్తారు. ఒక రాయి ఎల్లమ్మగా పూజలందుకొంటున్నది.

తొలి మెట్టు మాత్రమే

2025 మార్చిలో ఈ స్థలానికి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చోటు దక్కింది. తుది గుర్తింపునకు ఇది తొలి మెట్టు మాత్రమే. పరిసరాల్లో సాగు విస్తరించిన కొద్దీ చిన్న రాళ్లు అనేకం స్థానభ్రంశం చెందాయి. పడిపోయిన మహాశిలను తిరిగి నిలపవచ్చు. కాని గుర్తులు నమోదు కాకముందే వరుస నుంచి తొలగించిన చిన్న రాయి ఎక్కడిదో తేల్చడం సాధ్యం కాదు. దానితోపాటే ఆ వరుస ఏ దిక్కును సూచించిందన్న ఆధారమూ పోతుంది.

ఎలా వెళ్లాలి

మహబూబ్‌నగర్ నుంచి మక్తల్, మాగనూరు మీదుగా రాయచూరు వెళ్లే మార్గంలో కృష్ణా వరకు వచ్చి అక్కడి నుంచి ముడుమాల్ చేరుకోవచ్చు. వాడి-రాయచూరు రైలు మార్గంలో కృష్ణా స్టేషన్ ఉన్నది. నీడలు పొడవుగా పరచుకొనే ఉదయం, సాయంత్రం వేళలు సందర్శనకు అనువైనవి. జూన్ 21, డిసెంబరు 21 తేదీలకు అటూ ఇటూ వెళ్తే సూర్యగమనంతో రాళ్ల వరుసలకు గల సంబంధాన్ని పరిశీలించవచ్చు. ఎండాకాలంలో తాగునీరు, గొడుగు వెంట ఉంచుకోవాలి. రాళ్లపైకి ఎక్కడం, పేర్లు రాయడం, గుంతల్లో సుద్ద, రంగు నింపడం తగదు. నేలపై ఉన్న చిన్న రాయిని సైతం కదపకుండా రావడమే ఈ స్థలానికి సందర్శకులు చేయగల మేలు.