శరత్కాలపు పండ్లు

ఆశ్వయుజము వచ్చినదనగానే మన ఇబ్రహీంపట్నపు బజారున గంపలతో సీతాఫలములు దిగును. సీతమ్మ పేరుగల యీ పండు అనాదిగా మనదేయని చిన్ననాట నేను నమ్మితిని. మా అవ్వ దానిని వనవాసపు కథతో ముడివేసి చెప్పెడిది. కాని దీని పుట్టినిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రదేశములనియు, పదునాఱవ శతాబ్దమున పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరనియు పలువురు శాస్త్రజ్ఞుల మతము. 1550 మొదలు 1580 వఱకు గోలకొండ నేలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరనే మన యూరు వెలసినది. ఊరికిని పండునకును ఇంచుమించు ఒకటే యీడు!

నీరు పోయువారు లేకున్నను రాతిగుట్టలపై నిలుచును. ఆకు చేదగుటచే మేకలును ముట్టవు. కావుననే బీదల పండైనది. కన్ను తెరచిన కాయను గడ్డిలో మాగవేసిన చాలును, పిల్లలకు సత్తువనిచ్చు తీపి సిద్ధము. నేడో, ఏరినవారు గంపెడును పట్నమునకమ్మి, తమ బిడ్డలకు అంగడి బిస్కత్తులు కొని పోవుచున్నారు. ఇది నాకు మింగుడుపడదు.

దాని వెనుక కార్తికమున వచ్చు ఉసిరి మాత్రము అచ్చముగ మనది; చరకసంహిత కొనియాడినది. సీ విటమిను సీతాఫలమునకంటె దీనిలో పలురెట్లు హెచ్చు. అది లోపించిన చిగుళ్లు వాచి నెత్తురు కారును. 1939-40 నాటి హిస్సారు కఱవున ఆ జబ్బును ఉసిరితోనే మాన్పిరి.

మధుమేహము గలవారు సీతాఫలమును మితముగ తినవలెను. గింజల పొడి కంటబడిన చూపునకే మోసము. పేలకని తలకు రాయువారిని వారింపుడు.